సీతమ్మకు తోడు

నర్సీపట్నం బస్టాండు బయట ఒకామె గంపలో సీతాఫలాలు అమ్ముతోంది. గంప పక్కనే ఒళ్లంతా ముళ్లున్న పెద్ద ఆకుపచ్చ కాయ ఒకటుంది. యలమంచిలిలో నా రైలుకు టైమవుతోంది. రైలెక్కాలని చెప్పి, ఆరు సీతాఫలాలు తొందరగా ఇమ్మన్నాను. ఆమె మెత్తనివి ఏరి నా సంచిలో పెట్టి, ఆ ముళ్లకాయను కూడా అందులో వేయబోయింది.

"అది నేనడగలేదమ్మా," అన్నాను చిరాగ్గా.

"లచ్చనఫలమండీ. ఊరికే ఇత్తన్నాను. సీతమ్మని ఒక్కద్దాన్నే అంత దూరం ఎలా పంపుతామండీ?"

"మరి రాముణ్ణే పంపకపోయావా?" అన్నాను వెటకారంగా.

"రామాఫలం ఎండలొచ్చినాకే కదండీ! అప్పటికి సీతమ్మ ఎల్లిపోద్ది. మా పెరట్లో మూడు సెట్లూ ఉన్నాయి గానీ, ఆలిద్దరూ ఏ ఏడూ కలుసుకోలేదు."

నా చిరాకంతా ఎటుపోయిందో, పడీపడీ నవ్వాను. పేరడిగితే మరియమ్మ అంది. ఆదివారం చర్చి మానదట. నేను ఆశ్చర్యంగా చూశాను.

"అయితే ఏటండీ? సెట్లు మాయే కదా!"

యలమంచిలి బస్సు వైపు పరిగెడుతుంటే వెనకనుంచి కేకేసింది: "లచ్చన్నని సీతమ్మ మీదెట్టకండీ! నలిగిపోద్ది!"

అందుకే రైల్లో ఆ ముళ్లకాయను ఒళ్లో పెట్టుకు కూర్చున్నాను. అదేం కాయని ఎదుటి సీటాయన అడిగాడు. సంచిలోని సీతాఫలాలు చూపించాను.

"వదినగారికి తోడొస్తున్నాడండీ."