పాపకి ఏటీ తెలీదండి

మొన్న శుక్రవారం మా పాపని నా సేతులారా మొద్దుని సేసి వచ్చీసాను. మీరు నవ్వుతారని తెలిసే సెప్తన్నాను, టీ తాగుతా వినండి.

గురువారం సాయంత్రం కంచరపాలెంలో కూరలు కొంటంటే క్లాస్ టీచర్ దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. "కీర్తన వాళ్ళ అమ్మగారూ, రేపు పాపని తీసుకుని మన స్కూల్ సీతమ్మధార బ్రాంచ్‌కి రండి. సైకాలజిస్ట్ మేడమ్ టెస్ట్ చేస్తారు." అంతే. తిరిగి ఫోన్ సేస్తే ఎత్తలేదు.

సైకాలజిస్ట్ అనగానే బేరమాడిన కూరలు అక్కడే వదిలీసి ఇంటికొచ్చీసాను. కీర్తన మూడో క్లాసు. రైలు గేటు దగ్గర గూడ్సు బండి ఆగితే, పెట్టెల మీద నంబర్లన్నీ కూడుకుంటా తనలో తానే మాట్లాడుకుంటాది. బోర్డు మీద లెక్క తప్పని టీచర్‌తో వాదం కూడా పెట్టుకుంది. అప్పటిదాకా ముద్దొచ్చినవన్నీ ఒక్కొక్కటీ జబ్బుల్లాగ కనబడ్డాయి.

మా ఆయన పోర్టులో క్రేన్ ఆపరేటరు. ఆ రోజు నైట్ డ్యూటీ, డ్యూటీలో ఉంటే ఫోన్ తియ్యడు. ధైర్యం సెప్తాదని గాజువాకలో ఉన్న ఆయన అక్కకి సేసాను.

"మా ఈదిలో ఒక పిల్లని ఇలాగే పిలిసి, ఏవో ప్రశ్నలేసి, టీసీ ఇచ్చీసినారే. ఏటడిగినా అలాటిదేం లేదని సెప్పీ," అంది వదిన.

ఇంకేటుంది. పొద్దున్న ఆటోలో పాపని దగ్గరికి లాక్కుని సెవిలో సెప్పాను. "అమ్మలూ, ఆ మేడమ్ ఏటడిగినా తెలీదని సెప్పు."

"తెలిసినా?"

"తెలిసినా."

ముందు నన్నే లోపలికి పిలిసారు. మేడమ్ సిన్న వయసు మనిషి, ల్యాప్‌టాప్ ముందు కూర్సుని నెమ్మదిగా అడుగుతన్నారు. నాకేమో సెమటకి సీర కొంగు తడిసిపోతంది.

"పాపకి నిద్ర తక్కువా?"

"లేదండి, బాగా పడుకుంటాది."

"ప్రశ్నలు ఎక్కువ అడుగుతుందా?"

"అస్సలు అడగదండి."

"తన ఈడు పిల్లల కన్నా పెద్దవాళ్ళతో ఎక్కువ మాట్లాడుతుందా?"

ఈవిడికి ఎవరు సెప్పీసారా అనుకున్నాను. "మాటలే తక్కువండి," అన్నాను.

తరవాత పాపని లోపలికి పంపి నాను బయట బెంచీ మీద కూర్సున్నాను. తలుపు వెనక నుంచి సన్నగా వినబడతంది. "తెలీదు." కాసేపాగి మళ్ళీ, "తెలీదు." గండం గడిసిందని ఊపిరి పీల్సుకున్నాను.

పాపని బయటికి పంపి మేడమ్ నన్ను మళ్ళీ పిలిసారు. మొహం సూస్తే అయోమయంగా ఉంది. "ఏమీ అనుకోకండమ్మా. తెలివి ఎక్కువున్న పిల్లల్ని ఎంచుకుని, వాళ్ళకి పై క్లాసు పాఠాలు చెప్పడానికి కొత్త బ్యాచ్ పెడుతున్నాం. మీ టీచర్ అందరికన్నా ముందు మీ పాప పేరే ఇచ్చారు. ఇందాక మిమ్మల్ని అడిగినవన్నీ అలాంటి పిల్లల్లో మేం చూసేవి. మీరేమో ఒక్కటీ లేదన్నారు. పాపేమో అన్నిటికీ తెలీదంది, ఇచ్చిన ముక్కలతో ఒక్క బొమ్మ కూడా కలపలేదు."

భయమేమో పోలేదు, ఇటు నుంచి అటు తిరిగిందంతే. "మేడమ్, అది అస్సలు నిద్రపోదండి. ప్రశ్నలతో సంపేస్తాది. మా ఈదిలో ముసలోళ్ళందరూ దాని ఫ్రెండ్సే."

ఆవిడ టైపింగ్ ఆపీసారు. "ఇందాక లేదన్నారు కదమ్మా?"

ఇంక దాసలేక టీసీ సంగతి, ఆటోలో నేర్పిన పాఠం అన్నీ కక్కీసాను. ఆవిడ నవ్వాపుకోడానికి నీళ్ళ సీసా ఎత్తి తాగారు. "సరే, వచ్చే వారం ఇంకో రకం టెస్ట్ పెడతాను. ఈసారి పాపతో వాళ్ళ నాన్నగారిని పంపండి."

మీరు రాకండి అని మర్యాదగా సెప్పారన్న మాట.

ఇంటికొచ్చి ఇదంతా సెప్తే మా ఆయన ముద్ద కలుపుతా ఆగిపోయాడు. అంత ఎత్తు క్రేన్ భయం లేకుండా ఎక్కే మనిషికి మొహం పాలిపోయింది.

"నన్నేటి అడుగుతారే? నాను ఏటి సెప్పాలి?"

సలహా నాలిక సివరిదాకా వచ్చింది. మజ్జిగ తాగి మింగీసాను.