తెర పడితే ఇంటర్వెల్ అనుకున్నాం

ఇంటర్ చదివేటప్పుడు మా కాలేజీ లైబ్రరీలో ఒక లావుపాటి పాత రష్యన్ నవల, తెలుగు అనువాదం, మొదటి భాగం దొరికింది. నాటకాల పిచ్చితో భర్తనీ పసి కొడుకునీ వదిలి వెళ్ళిన ఆవిడ కథ. ఏళ్ళ తర్వాత కొడుకుని చూడాలని రైలెక్కుతుంది, అక్కడితో సరి! రెండో భాగం ఎక్కడా దొరకలేదు. కొడుకు ఆమెని క్షమించాడా లేదా అన్నది నన్ను ఇన్నేళ్ళూ తొలిచేసింది. ఆ నవలని సినిమాగా తీశారనీ, దోహాలో ఒకే ఒక్క ఆట వేస్తున్నారనీ తెలిశాక మా ఆయన్ని కూర్చోనిస్తే ఒట్టు.

శుక్రవారం నాలుగింటికి మేముండే అల్ వక్రాలో మెట్రో ఎక్కాం. మనిషికి రెండు రియాళ్ళు. రైలు మారే పని లేకుండా కతారా స్టేషన్ దాకా వెళ్ళొచ్చు, అక్కడి నుంచి హాలుకి కాస్త నడక. టికెట్లు ముందే ఫోన్‌లో తీసుకున్నాం, ఒక్కొక్కటి ముప్ఫై ఐదు. హాల్లో కూర్చోగానే పక్క సీట్లో తెలుగు గొంతు వినపడింది. రాయచోటి దగ్గరి అమ్మాయి, పేరు సుజాత. వెస్ట్ బేలో ఒకరింట్లో పిల్లల్ని చూసుకుంటుందట. మేడం తనకి కుదరక టికెట్ ఈ అమ్మాయికి ఇచ్చేసిందట.

సినిమా తీసిన తీరు మాత్రం విడ్డూరం! ఊళ్ళు, రైళ్ళు, మంచు అన్నీ ఒకే నాటకం స్టేజీ మీద. అట్ట రైలు, పైనుంచి రాలే దూది మంచు. ఆవిడ ఒక తలుపు తీస్తే పట్నం, ఇంకోటి తీస్తే పల్లెటూరు. కళ్ళప్పగించి చూశాను. చివరికి కొడుకు ఇంటి గుమ్మంలో నిలబడి తలుపు కొట్టింది. ఎర్ర తెర పడింది.

"ఇంటర్వెల్! జల్ది రా, లైన్ పెరుగుతది," అని మా ఆయన లేచాడు. జగిత్యాలలో సినిమాలు చూసి పెరిగినవాళ్ళం, సరిగ్గా అలాంటి చోటే ఇంటర్వెల్ పడుతుందని మాకు తెలుసు కదా! టీలు పట్టుకుని తిరిగొచ్చేసరికి తలుపులు బార్లా తీసున్నాయి, జనం బయటికొస్తున్నారు. ఆ తెర కూడా సినిమాలోదేనట, అసలు ముగింపు దాని తర్వాతేనట.

"నీ టీ పాడుగాను!" అని ఆయన మీద విరుచుకుపడ్డాను. ఏడుపొక్కటే తక్కువ. ఇంతలో సుజాత కనిపిస్తే చెయ్యి పట్టుకుని ఆపాను. "ఏమైంది సుజాతా? కొడుకు క్షమించాడా?"

"క్షమించేదేముందిలే అక్కా. తలుపు తీసి, ఎవరు కావాలండీ అని అడిగినాడు. అంతే, అయిపాయె." చున్నీ సర్దుకుంది. "నా కొడుకూ అంతే కదా. రెండేండ్లప్పుడు ఇడిసొచ్చినా. మొన్న ఫోన్‌లో నన్ను చూసి, ఎవరో ఆంటీ అని మా అత్తకిచ్చేసినాడు." నవ్వుతూనే చెప్పి, డ్రైవర్ వచ్చినాడని గబగబా వెళ్ళిపోయింది.

తిరుగు రైల్లో అదే తలుచుకుంటూ కూర్చున్నాను. ఇన్నేళ్ళూ ఆ కొడుకు తిడతాడా, దగ్గరికి తీసుకుంటాడా అని ఊహించాను గానీ, అసలు గుర్తే పట్టడన్న ఆలోచన రాలేదు.

వెళ్ళేవాళ్ళకి ఒక మాట: ఇలాంటి ఆటలకి ఇక్కడ ఇంటర్వెల్ ఉండకపోవచ్చు, టీ లోపలికి వెళ్ళేముందే తాగేయండి. ముగింపు మీ కళ్ళతోనే చూడండి. లేకపోతే నాలాగే ఎవరినో ఆపి అడిగి, వాళ్ళ పుండు కెలికినవాళ్ళవుతారు.