పరిగె కోసం లాల్‌గడి మలక్‌పేట్ దాకా

పరిగె అంటే ఏమిటో మీకు నిజంగా తెలుసా? కోత అయ్యాక మడిలో రాలి మిగిలిన వెన్నులు అని టక్కున చెప్పేస్తారు. మేడ్చల్‌లో మా చిన్న సంఘం ముందు పాస్టరుగా నిలబడి, గొంతు చించుకుని, పదకొండేళ్లు నేనూ అదే చెప్పాను. పోయిన ఆదివారం ఆశీర్వాదం లేచాడు. కొంపల్లి విల్లాల్లో నల్లాలు బిగించే ప్లంబరు, నాకంటే పదిహేనేళ్లు చిన్న. బైబిల్లో పరిగె ఏరి అత్తను పోషించిన పరదేశి కోడలి గురించి పది నిమిషాలు మాట్లాడాడు. స్త్రీలు కొంగులతో కళ్లు ఒత్తుకున్నారు. నా ప్రసంగానికి ఏనాడూ ఒక్క కొంగు తడవలేదు! ఎల్లుండి కోతకాలపు కృతజ్ఞతా కూడిక. ఏటా వాక్యం చెప్పేది నేనే. ఈసారి "ఆశీర్వాదంతో చెప్పిద్దామా" అని పెద్దలు గుసగుసలాడుతున్నారు. అసూయ ఎముకల్ని కుళ్లబెడుతుందని ఎన్నోసార్లు బోధించినవాణ్ణే, ఈ వారమంతా నా ఎముకలే నాకు సాక్ష్యం.

అతణ్ణి మించిన ప్రసంగం వెతుక్కుంటూ, లేఖనాలు చంకన పెట్టుకుని, నిన్న గురువారం ఏడున్నరకు మేడ్చల్‌లో షేర్ ఆటో ఎక్కాను. శామీర్‌పేట్‌కి ఇరవై రూపాయలు, ముప్పావు గంట. చేత్తో కోసే పొలం ఎక్కడుందని డ్రైవర్ని అడిగాను.

"అంతట మిషనే సార్. లాల్‌గడి మలక్‌పేట్ల రహీం భాయ్ మడి దిగబడ్తది, ఆడ మిషన్ నడ్వది. జల్దీ పోండ్రి, రెండ్రోజులల్ల అయిపోతది."

అక్కణ్ణుంచి ఇంకో ఆటోకి పది రూపాయలు, ఆపైన ప్లాట్ల హద్దురాళ్ల మధ్య కిలోమీటరు నడక. తొమ్మిదిన్నరకు చేరేసరికి కోత సగమైంది. ఒడ్డు మీద ఖాళీ సంచితో మల్లవ్వ అనే ముసలామె కూర్చుని ఉంది. "దిగవేం అవ్వా?" అన్నాను.

"ఆఖరి మోపు ఒడ్డు దాటాలె బిడ్డా. అప్పటిదాక అది రహీం భాయ్‌ది."

పదకొండింటికి ఆఖరి మోపు దాటింది. ఆమె మడిలో దిగి ఒక్కొక్క వెన్నూ ఏరసాగింది. నాకు ఆదివారానికి కథ దొరికినట్టే అనిపించింది. రహీం భాయ్‌ని అడిగి మోపులోంచి నిండు వరి పన ఒకటి లాగి, ఆమె సంచిలో పెట్టాను. ఆమె దాన్ని తీసి ఒడ్డు మీదికి విసిరేసింది.

"గిదేంది? నేనేమన్న అడుక్కుంటున్ననా?"

రహీం భాయ్ నవ్వాడు. "పాస్టర్ సాబ్, గా పన నాది, ఇస్తే ధర్మమైతది. కింద రాలింది నాది గాదు, ఆమెది. ఆమె ఏరినంత సేపు నేను గూడ మడిల అడుగు వెట్ట."

మల్లవ్వ ఊరుకోలేదు. "మొన్న పక్క మడికి ఒకాయన వచ్చిండు, ప్లంబరట. నీ లెక్క నిలవడి సూడలే, పొద్దంత నాతోని వంగి ఏరిండు. వాళ్లమ్మ గిట్లనే ఏరి సాదిందట. దేవునికి మోకాళ్ల మీద మొక్కుతవ్ గని, గింజకు వంగరాదా?"

కొంగులు ఎందుకు తడిశాయో తెలిసింది. తెలిశాక అసూయ చల్లారలేదు, రెట్టింపైంది. నేను ఆ మాటను చదివాను. అతను దాన్ని తిని పెరిగాడు. చెప్పులు విడిచి దిగాను. గంటకే నడుం పట్టేసింది, దోసెడు వెన్నులు కాలేదు. ఒడ్డు మీంచే మా సంఘ పెద్దకు ఫోన్ చేసి, "ఆదివారం వాక్యం ఆశీర్వాదం చెప్తాడు" అన్నాను. చెప్పాక నోరు చేదుగానే ఉంది.

ఒకరు దయతో చేతికిచ్చేది పరిగె కాదు. లేనివాడు తలవంచకుండా, నడుం మాత్రమే వంచి తెచ్చుకునే హక్కు అది. మీరు వెళ్తే ఏరేవాళ్లకు ఏదీ అందివ్వకండి, ఆఖరి మోపు దాటేదాకా ఒడ్డు మీదే ఆగండి. రహీం భాయ్ చివరి మడి ఈ మధ్యాహ్నమే కోస్తున్నారు. చదివింది చాలు, లేవండి, ఇప్పుడే ఆటో ఎక్కండి!