ఇసుక మీద ఆరబోసిన కాయలు

మా నాన్న మాట్లాడటం మానేసిన ఏడాదే మేం సముద్రానికి వెళ్ళాం. అసలు నోరే విప్పలేదని కాదు. ఎద్దుల్ని అదిలించేవాడు, పాలేరుకి పని చెప్పేవాడు. నాతో "ఊఁ", "ఆఁ" తప్ప ఇంకో ముక్క లేదు. అమ్మతో అయితే అదీ లేదు. నాకప్పుడు పధ్నాలుగేళ్ళుంటాయి. దేశానికి స్వతంత్రం వచ్చి ఇంకా పదేళ్ళు కాలేదు.

మాది గుంటూరుకి పడమరగా నల్లరేగడి పల్లె. ఆ ఏడు మిరప విరగకాసింది. కోసిన కాయంతా కల్లంలో ఆరబోశాం. ఇంకో రెండెండలు తగిలితే బస్తాలకెత్తటమే. ఒకనాటి సాయంత్రం ఎక్కడిదో అకాలపు వాన వచ్చి కల్లం మీద కుమ్మరించి పోయింది. తడిసిన కాయ బూజు పట్టింది, కుళ్ళింది, చివరికి పెంటదిబ్బకి చేరింది. నేను ఆ పూట బడికి వెళ్ళి ఊళ్ళో లేను. వచ్చేసరికి నాన్న గట్టు మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. అమ్మ దూరంగా నిలబడి ఉంది.

నిజం చెప్తున్నాను, నాకు నాన్న మీద జాలి కంటే కోపమే ఎక్కువగా ఉండేది. కాయ పోతే పోయింది, మధ్యలో మేమేం చేశామని ఈ మూతిముడుపు అనుకునేదాన్ని. అమ్మ తీరు చూస్తే ఒళ్ళు ఇంకా మండేది. తనే ఏదో తప్పు చేసినదానిలా ఆయన ముందు చప్పుడు కాకుండా తిరిగేది. కంచం పెట్టి పక్కకి తప్పుకునేది.

వేసవి సెలవుల్లో మావయ్య వచ్చాడు. అమ్మకి తమ్ముడు. చీరాల అవతల సముద్రానికి దగ్గర్లో ఆయన ఊరు. ఇంట్లో అడుగు పెట్టీ పెట్టగానే సంగతి గ్రహించాడు.

"అక్కా, బావని ఇక్కడే ఉంచితే ఆ ఖాళీ కల్లం చూసుకుంటా పిచ్చోడైపోతాడు. అందరూ మా ఊరు పదండి. నాలుగు రోజులు గాలి మారితే మనిషి తేరుకుంటాడు" అన్నాడు. నాన్న "ఊఁ" అన్నాడు. అదే అంగీకారం అనుకుని పెట్టె సర్దేశాం.

మావయ్య మా కోసం పని మానుకుని మరీ తిప్పాడు. తెల్లవారకముందే లేపి సరుగుడు తోటలో నుంచి ఒడ్డుకి తీసుకెళ్ళేవాడు. పల్లెకారులు వల లాగుతుంటే పైన గరుడపక్షులు తిరుగుతుండేవి. వల ఒడ్డుకి రాగానే ఒకటి రివ్వున దిగి చేపను తన్నుకుపోయేది. అల వెనక్కి పోతే దాని వెంటపడి, అల వస్తే కాళ్ళు తడవకుండా వెనక్కి ఉరికే బుల్లి పిట్టలుండేవి. వాటిని చూస్తే నాకు ఎంతసేపటికీ విసుగు పుట్టేది కాదు.

"అచ్చం నీలాగే ఉన్నాయి మావయ్యా. సముద్రం పక్కన పుట్టి నీళ్ళంటే భయం" అన్నాను ఒకరోజు. మావయ్య నిజంగానే మోకాలి లోతు దాటి దిగేవాడు కాదు.

"నీ నోటికి జడవకుండా ఏ మొగుడొస్తాడో గానీ" అని నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. నవ్వి, నాన్న వైపు చూసింది. నాన్న సముద్రానికి వీపు పెట్టి సరుగుడు చెట్ల కింద కూర్చుని ఉన్నాడు. అమ్మ తాటిముంజలు ఒలిచి చేతిలో పెడితే, ఎవరు పెట్టారన్నది కూడా చూడకుండా తిన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆ మర్నాడు మావయ్య మమ్మల్ని దక్షిణంగా, జనం మసలని ఒడ్డుకి నడిపించాడు. చాలా దూరం నడిచాక, ముందు పోతున్న నాన్న ఆగిపోయాడు. ఎదర ఇసుక మీద ఎర్రగా పరిచి ఉంది. అచ్చం మిరప కల్లం.

"ఆ కాయలెవరియ్యి?" అన్నాడు నాన్న.

ఆయన తనంతట తాను ఒకటి అడిగి ఎన్నాళ్ళయిందో. ఆ కంగారులో మావయ్య "మా ఊరోళ్ళయ్యే బావా" అనేశాడు.

"బుద్ధుందా మీ ఊరోళ్ళకి? ఈ ఉప్పుగాలికి కాయ మెత్తబడదూ? పొద్దెక్కినా ఒక్కడూ తిరగెయ్యలేదు" అంటూ నాన్న పంచె ఎగ్గట్టి గబగబా నడిచాడు. వెనకే మేం.

ఇంకాస్త దగ్గరికి వెళ్ళామో లేదో, ఆ ఎరుపంతా ఒక్కసారిగా కదిలింది. కదిలి, మాయమైపోయింది. ఉత్త ఇసుక, నిండా బొక్కలు మిగిలాయి. అవి కాయలు కావు, ఎండ్రకాయలు.

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆరబోసిన కాయ కళ్ళముందే పోవటం ఆయనకి మళ్ళీ చూపించామే అనుకున్నాను. తెలిసీ కాయలని చెప్పినందుకు మావయ్యని మింగేసేలా చూశాను. నాన్న ఒంగి ఒక బొక్కలోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"మనయ్యి వానకి పోయినయ్యి. వీళ్ళయ్యి కాళ్ళొచ్చి పోయినయ్యి" అన్నాడు.

అని, నవ్వాడు. పొట్ట పట్టుకుని కూలబడి నవ్వాడు. మావయ్య, నేను కూడా పడీ పడీ నవ్వాం. అమ్మ మాత్రం నవ్వలేదు. మొహం కడుక్కుని వస్తానని నీళ్ళ వైపు వెళ్ళింది.

కదలకుండా కూర్చుంటే అవి మళ్ళీ బయటికొస్తాయని చెప్పి మావయ్య కొబ్బరిబోండాల కోసం వెళ్ళాడు. నేనూ నాన్నా కూర్చున్నాం. ముందు ఒక బొక్కలో నుంచి పుల్లల్లాంటి రెండు కళ్ళు లేచాయి. తర్వాత కత్తెరలాంటి ఎర్రటి డెక్క. కాసేపటికి చుట్టూరా వందలకొద్దీ వచ్చి, ఇసుకని చిన్న చిన్న ఉండలు చేసి పక్కన పెట్టుకుంటూ తమ పనిలో పడ్డాయి. ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. అప్పుడు నాన్న, అవి బెదరకుండా, గొంతు తగ్గించి అన్నాడు.

"ఆ రోజు మీ అమ్మ మబ్బు చూసి చెప్పింది. కాయ కుప్పెయ్యమని, చొప్ప కప్పమని బతిమాలింది. కూలోళ్ళ ముందు నోర్ముయ్యమన్నాను."

"అందుకా అమ్మతో మాట్లాడంది?" అన్నాను.

"ఏ మొహం పెట్టుకుని మాట్లాడనే?"

ఇసుకలో అడుగుల చప్పుడు వినపడదు. అమ్మ మా వెనక ఎప్పుడొచ్చి నిలబడిందో మాకు తెలియలేదు.

"నా పాడు నోటితో అన్నందుకే వానొచ్చిందని, నా మొహం చూట్టం మీకు ఇష్టం లేదనుకున్నా" అంది.

ఆ గొంతుకి ఎండ్రకాయలన్నీ బొక్కల్లోకి దూరాయి. నాన్న వెనక్కి తిరగలేదు. భుజం మీది కండువా తీసి, దులిపి, పక్కనే ఇసుక మీద పరిచాడు. గాలికి లేవకుండా అంచు మీద చెయ్యి పెట్టాడు.

"కూచో" అన్నాడు.

కల్లం తడిసిన తర్వాత ఆయన అమ్మతో అన్న మొదటి మాట అది.