ఇద్దరు హన్నాలు

మొన్న నా ఫోను ఒక ప్రశ్న వేసింది. కాంటాక్టుల్లో ఒకే పేరు రెండు చోట్ల ఉంది, ఒకటి తీసెయ్యమంటారా అని. అవునని నొక్కితే అయిపోయే పని. నేను మాత్రం ఆ ఫోను పట్టుకుని చాయ్ చల్లారేదాకా కూర్చున్నాను. మా ఇంటావిడ వచ్చి, ఖరాబైంది ఫోనా, నువ్వా అని అడిగింది. ఏం చెప్పను? చెప్పాలంటే ఖతర్ దాకా పోవాలి.

ప్రపంచకప్ వస్తోందని దోహా అంతా తవ్విపోసిన రోజులవి. నిన్న పోయిన రోడ్డు ఇవాళ ఉండేది కాదు. మా క్యాంపు బస్సు డ్రైవరు రోజుకో కొత్త దారిలో తప్పిపోయేవాడు. మెసైమీర్‌లో మా సైటాఫీసు. నా ఉద్యోగం డాక్యుమెంట్ కంట్రోలర్. పేరు ఘనమే గానీ చేసేది ఇంతే: కొత్త డ్రాయింగు రాగానే పాతదాన్ని తీసెయ్యడం. ఒకే నంబరుతో రెండు కాగితాలు సైటుకు పోయాయంటే తలుపు ఉండాల్సిన చోట గోడ లేస్తుంది. అందుకని పాతదాని మీద నాకు జాలి ఉండేది కాదు.

మా పెద్దసారు ఇంగ్లండు మనిషి, అరవై దాటినవాడు. ఒకరోజు నాలుగు నోటు పుస్తకాలు తెచ్చి, తీరిక దొరికినప్పుడు టైపు చేసి పెడతావా అని అడిగాడు. తాను పుట్టిన పారిష్ చరిత్రట. పారిష్ అంటే ఊరా అంటే కాదన్నాడు. మండలమా అంటే అదేమిటన్నాడు. చివరికి నాకు తెలిసిందేమిటంటే, ఒక చర్చి, దాని కిందికి వచ్చే కొండలు, ఆ కొండల మీద దూరదూరంగా కొన్ని ఇళ్ళు. మనుషులకంటే గొర్రెలెక్కువ. మా క్యాంపులో ఒక్క అంతస్తులోనే అంతకంటే ఎక్కువమందిమి ఉన్నాం. అలాంటి చోటుకు చరిత్రేమిటి? రాజు లేడు, కోట లేదు, యుద్ధం లేదు. ఒక ఏడు మంచు పడి గొర్రెలు చచ్చాయి. ఇంకో ఏడు చర్చిలోకి కుక్కను తెచ్చాడని ఒక రైతుకూ ఫాదరుకూ గొడవైంది, ఆ రైతు బతికినంతకాలం కుక్కతోపాటు గుమ్మం బయటే నిలబడి ప్రార్థన విన్నాడు. నా రూమ్మేటు, జగిత్యాల వైపు మేస్త్రీ, ఇదంతా విని, ఇగ నువ్వు మన ఊరి మేకల మీద రాయి అని నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ టైపు చేస్తూంటే తప్పు రైతుదో ఫాదరుదో తేలక బుర్ర తిరిగేది.

ఆఖరి పుస్తకం నిండా పేర్లే. ఎవరికి ఎప్పుడు బాప్తిస్మం ఇచ్చారు, తల్లి ఎవరు, తండ్రి ఎవరు, ఏ ఇల్లు. ఒక గొర్రెల కాపరి ఇంట్లో హన్నా అని ఒక కూతురు. రెండేళ్ళ తర్వాత మళ్ళీ అదే తండ్రి, అదే తల్లి, అదే ఇల్లు, అదే హన్నా. సారు పొరపాటున రెండుసార్లు రాసుకున్నాడనుకున్నాను. అలవాటైన చెయ్యి కదా, కొత్తది ఉంచి పాతది వదిలేశాను. అలాంటివి ఇంకా కనబడితే అవీ వదిలేశాను. పైగా సారు మెచ్చుకుంటాడని ఎదురుచూశాను.

తెల్లారితే సెలవు మీద వెళ్ళి అచ్చుకు ఇస్తాడనగా ఆయన నన్ను పిలిచాడు. కోపం చేసుకున్నా బాగుండేది, చేసుకోలేదు. ఆ కాలంలో బిడ్డ పోతే తర్వాత పుట్టిన బిడ్డకు అదే పేరు పెట్టేవారని చెప్పాడు.

"ఆ మొదటి హన్నా తొమ్మిది రోజులే బతికింది. బతికిందని చెప్పడానికి లోకంలో ఉన్నది ఆ ఒక్క లైనే" అన్నాడు.

అని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ పిల్ల ఆయనకు చుట్టమూ కాదు, పక్కమూ కాదు. రెండు వందల ఏళ్ళ కిందటి గొర్రెల కాపరి బిడ్డ కోసం ఈయన కళ్ళు తడవడమేమిటో నాకు అర్థం కాలేదు. సిగ్గు మాత్రం వేసింది. సాయంత్రం దాకా ఇద్దరం పక్కపక్కన కూర్చుని, నేను తీసేసిన పిల్లల్ని ఒక్కొక్కరినే వెతికి ఎవరి చోట్లో వాళ్ళను పెట్టాం.

ఆ శుక్రవారం అమ్మకు ఫోన్ చేశాను. పిల్లలెందరని ఎవరైనా అడిగితే మా అమ్మ ఒకసారి ముగ్గురనేది, ఒకసారి నలుగురనేది. లెక్క రాదని మేం ఏడిపించేవాళ్ళం. నాకంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టి పోయిందని మేనత్త నోట ఎప్పుడో విన్నాను గానీ, అమ్మను అడిగిన పాపాన పోలేదు.

"అమ్మా, నా ముంగట పుట్టి పోయినామె పేరేంది?" అన్నాను.



"దుబాయిల కూసొని గిదెందుకు అడుగుతున్నవు బిడ్డా" అంది అమ్మ. గల్ఫంతా ఆమెకు దుబాయే. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. "పేరు వెట్టే దినం రాకముందే పాయె. నేనైతే లచ్చవ్వ అని పిలుసుకున్న. ఎవ్వలకు జెప్పలే."

ఆ తర్వాత ఏడ్చింది. నేనూ ఏడ్చాను, క్యాంపు మెట్ల మీద, అందరూ చూస్తుండగానే.

అప్పటినుంచి ఒక సంగతి నాకు తెగడం లేదు. కాలం ముందుకే నడుస్తుందంటారు. మరి నలభై ఆరేళ్ళ వయసులో నాకు అక్క ఎలా పుట్టింది?