ఫ్రిజ్ కింది మంట

మొన్న మెదక్ బజార్లో మందుల షాపుకు పోతే కరెంటు లేదు, అయినా లోపల ఫ్రిజ్ నడుస్తూనే ఉంది. ఎట్లా అని అడిగితే, "బ్యాటరీ మీద నడుస్తది పెద్దమ్మా, మందులకు ఫికర్ లేదు" అన్నాడు షాపతను. నేను కొనాల్సిన మందులు కొనకుండానే ఇంటికి వచ్చేశాను.

మా వీధికి ఇంకా కరెంటు రాని రోజుల్లో మా ఇంట్లో కిరోసిన్ ఫ్రిజ్ ఉండేదంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు గానీ, నా ఈడువాళ్లలో కొందరికైనా గుర్తుండాలి, కింద మంట పెడితే లోపల చల్లబడే ఆ పెట్టె. ఊరు విడిచి వెళ్తూ ఒక డాక్టరమ్మ దాన్ని మా చెల్లెలి కోసమే ఇచ్చిపోయింది. చెల్లెలికి చిన్నప్పుడే షుగర్ వచ్చింది. ఇన్సులిన్ ఎండకు పాడవకుండా ఉంటేనే ఆ పిల్ల బతుకు. అందుకని నాయన రోజూ పొద్దున్నే టాంకు బయటికి లాగి, వత్తి కొసను సమంగా కత్తిరించి, చిమ్నీ మసి తుడిచి మళ్లీ వెలిగించేవాడు. మంట ఎర్రగా ఉంటే మసే తప్ప చల్లదనం రాదు, నీలంగా మండాలి. కింద బిగించిన చిన్న అద్దంలోకి వంగి చూసి, "నీలంగనే ఉన్నది నాయనా" అని చెప్పడం చెల్లెలి పని. ఇంకెవరు చెప్పినా అలిగేది.

ఆ ఎండాకాలం నానమ్మ పోయింది. శవం లేచేదాకా ఇంట్లో పొయ్యి మండకూడదని, హవేలిఘనపూర్ నుంచి వచ్చిన మేనత్త వంటింటి పొయ్యి చల్లార్చి, ఫ్రిజ్ కింద మంట కనపడితే అదీ ఒక పొయ్యే అనుకుని ఆర్పేసింది. దహనం ముగించుకుని వచ్చాక గానీ నాయన చూసుకోలేదు. మళ్లీ వెలిగించి, తొందరగా చల్లబడాలని మంట నీలం చెడనంతవరకు వత్తి పెంచాడు, వచ్చేపోయే చుట్టాల మధ్య తగ్గించడం మరిచాడు. తెల్లారి చూస్తే ఇన్సులిన్ గడ్డకట్టి ఉంది. చల్లదనం ఎక్కువైతే మంచిదేలే అనుకున్నాం. కరిగించి, ఎప్పటిలాగే సూది వేశాడు నాయన. గడ్డకట్టినా ఆ మందు పనికిరాదని మాకెవరూ చెప్పలేదు.

చెల్లెలు నీళ్లు నీళ్లు అంటూ వడిలిపోయింది. బస్సులో హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోతే అక్కడి డాక్టరు అడిగి అడిగి సంగతి రాబట్టాడు గానీ, అప్పటికే చేయిదాటిపోయింది.

"మా అక్కకు తెల్వనియ్యకుండ్రి, తట్టుకోదు" అని నాయన మా అందరి దగ్గరా మాట తీసుకున్నాడు. మేనత్త బతికినన్నాళ్లూ, ఆ పిల్ల రాత అంతేనని మా ముందే ఏడ్చేది. మేం వింటూ కూర్చునేవాళ్లం.

ఇప్పుడు చావు జరిగిన ఇండ్లకు పోతే, శవం హాల్లో ఉండగానే లోపల గ్యాస్ మీద చాయ్ కాగుతుంటుంది, ఎవరూ ఏమీ అనరు. నేనూ అనను. ఆ పట్టింపు కొన్నేళ్లు ముందే సడలి ఉంటే, నాకూ ఇవాళ జుట్టు నెరిసిన చెల్లెలు ఒకతి ఉండేది.