తిరిగి వచ్చిన పడవ

గ్రంథాలయం మేడమీద గదిలో టీచరమ్మకు ఐదు కంప్యూటర్లున్నాయి, శనివారాలున్నాయి. మిగతా వారమంతా ఒక అద్దెగది, ఒక కిటికీ, రెండు పూటలకూ కలిపి ఒకేసారి వండుకునే వంట. ఒకప్పుడు టైపు నేర్పేది. టైపు యంత్రాలు మూలపడ్డాక, యాభై దాటిన వయసులో ఈ రంగురంగుల బ్లాకుల విద్య పట్టుకుంది. ఒక్కో బ్లాకు మీద ఒక్కో ఆజ్ఞ ఉంటుంది: పది అడుగులు నడువు, రెండు క్షణాలు ఆగు, రంగు మారు. పిల్లలు వాటిని ఒకదాని కింద ఒకటి తగిలిస్తే తెరమీద బొమ్మ కదులుతుంది. బొమ్మ మొదటిసారి కదిలినప్పుడు ఆ పిల్లల మొహాలు చూడడానికే దేవుడు తన కళ్ళు ఇంకా బాగుంచాడని ఆమె నమ్మకం.

ఏడుగురు వచ్చేవారు. గంట కాగానే ఆరుగురు దడదడ మెట్లు దిగిపోయేవారు. ఏడోది దర్జీ కూతురు. ఏ పనైనా నిదానంగా చేస్తుందని మిగతావాళ్ళు నత్తమ్మ అని పేరు పెట్టారు. ఆ పిల్ల మాత్రం ఆగి, టీచరమ్మ తాళం వేసేదాకా బిగుసుకుపోయే తలుపును లాగి పట్టుకునేది.

"నాన్న ఒకాయన చొక్కాకి ఒక చెయ్యి పొడుగ్గా కుట్టేశాడు."

"అయ్యో, మరేం చేశాడు?"

"ఒకవైపు మడుచుకోండి, అదే ఇప్పటి పద్ధతి అన్నాడు. ఆయన నమ్మేశాడు."

అలాంటి నాలుగు మాటలుంటే చాలు, టీచరమ్మ వారమంతా నెమరువేసుకునేది.

తల్లిదండ్రులకు పిల్లల పని చూపించే రోజు వచ్చింది. ముందురోజు టీచరమ్మ ఒక్కొక్కరి ఫైలు తెరిచి సరిచూసింది. నత్తమ్మది ఒక నది. గట్టుమీద ఒక అమ్మాయి. పడవ కదిలి వెళ్ళి వెళ్ళి తెర అంచు దాటిపోయింది. ఆ తర్వాత ఉత్త నీళ్ళు. పాపం, మరిచిపోయినట్టుంది, రేపు నలుగురిలో నవ్వులపాలవుతుంది అనుకుని టీచరమ్మ బొమ్మను అక్కడికే ఆపేసింది. 'అంచు తగిలితే వెనక్కి తిరుగు' అనే బ్లాకు తగిలించి, మనసు తేలికపడి ఇంటికి వెళ్ళింది.

మర్నాడు పడవ వెళ్ళింది, వచ్చింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. పెద్దలు చప్పట్లు కొట్టారు.

"నత్తమ్మ పడవ కదా, ఇల్లు వదిలి ఎక్కడికీ పోలేదురా" అన్నాడు తోటి పిల్లాడొకడు.

ఆ పిల్ల తెరకేసి చూసింది, టీచరమ్మకేసి చూసింది. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. తర్వాత రెండు శనివారాలు రాలేదు.

ఇక ఎప్పటికీ రాదేమోనన్న బెంగతో టీచరమ్మకు ముద్ద దిగలేదు. మూడోవారం మధ్యలో దర్జీ కొట్టుకు వెళ్ళింది. ఆయన మిషను ఆపి, స్టూలు మీద దారప్పోగులు దులిపి కూర్చోమన్నాడు.

"మా పిల్ల ఏం తప్పు చేసిందో చెప్పదు టీచరుగారూ. బొమ్మ పాడైందంటుంది, అంతే."

"తప్పు నాది బాబూ. అడక్కుండా దాని పని ముట్టుకున్నాను."

బొత్తాల డబ్బా ముందు కూర్చున్న పిల్ల తలెత్తలేదు. "పడవ పూర్తిగా పోతేనే ఆ అమ్మాయి గట్టుమీంచి కదుల్తుంది. ముప్పై లెక్కపెట్టి ఇంటికి నడిచెళ్తుంది. నడక పెట్టడానికి నాకు మూడు వారాలు పట్టింది. మీరు పడవని పోనివ్వలేదు. చివరిదాకా చూడనేలేదు."

టీచరమ్మ స్టూలు పిల్ల దగ్గరికి జరుపుకుంది. "ఆ ఉత్త నీళ్ళు చూస్తూ కూర్చోలేకపోయానమ్మా" అంది.

పిల్ల ఇప్పుడు తలెత్తింది. "ఆ బ్లాకు తీసేశారా?"

"మళ్ళీ ముట్టుకుంటే ఒట్టు. నువ్వే వచ్చి తియ్యి."

శనివారం ఆ పిల్ల అందరికంటే ముందే వచ్చింది. బ్లాకు పీకేసింది. తర్వాత అడిగింది, "టీచరమ్మా, ఇది ఇంకెవరూ తెరవకుండా ఎలా దాచుకోవాలి?"

టీచరమ్మ తన సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసి చేతిలో పెట్టింది. దాన్లోకి ఎలా ఎక్కించాలో, కంప్యూటర్లోది ఎలా తుడిచెయ్యాలో ఒక్కొక్కటే ఓపిగ్గా నేర్పింది. పిల్ల తుడిచేసింది.

గంట కాగానే జేబు తడిమి చూసుకుని, "వస్తాను టీచరమ్మా" అని మిగతావాళ్ళతో కలిసి దిగిపోయింది. ఎవరో ఏదో అన్నారు కాబోలు, మెట్లమీద నవ్వింది. అంత గట్టిగా నవ్వుతుందని టీచరమ్మకు అప్పటిదాకా తెలియదు.